తలుపుకి తగిలించిన మాట

థోర్‌లీ, యార్క్‌షైర్
20 జూన్ 1976, ఆదివారం

ఒరేయ్ లయనెల్,

ఎన్నాళ్లయిందిరా నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క వచ్చి! లండన్‌లో ఇంకు కూడా ఎండిపోయిందా? ఇక్కడ అన్నీ ఎండిపోతున్నాయి. వంతెన కింద వాగులో రాళ్లు బయటపడ్డాయి. పక్కింటావిడ స్నానం చేసిన నీళ్లు బకెట్టుతో మోసుకెళ్లి చిక్కుడు పాదుకి పోస్తోంది. నిన్న ఆ కాయలు నాకు తెచ్చిచ్చింది. థాంక్స్ చెప్పి తీసుకున్నాను గానీ వండలేదు.

అసలు సంగతికి వస్తాను. నాన్న సమాధి మీద మట్టి కుదురుకుందట, ఇక రాయి నిలబెట్టొచ్చని రాళ్లు చెక్కే గార్త్ చెప్పాడు. అమ్మ పేరు కింద నాన్న పేరు, తేదీలు. ఆ కింద ఏం రాయాలో నేను అనేసుకున్నాను. నువ్వూ కాదనవని నాకు తెలుసు. నాన్న జోళ్లు బాగుచేసే షాపు తలుపుకి తగిలించే బోర్డు లేదూ, దాని మీది మాట. 'షాంట్ బి లాంగ్'. ఇప్పుడే వచ్చేస్తా.

గుర్తుందిగా? ఆ బోర్డు తిప్పేసి వెళ్లి పచ్చికలో బంతులాట ఆడుతూ కూర్చునేవాడు. పాపం షాపు ముందు జనం ఒంటి జోడుతో నిలబడి ఉండేవాళ్లు. అమ్మ వంటింట్లోంచి అరిచేది, "ఈయన 'ఇప్పుడే' ఏ యుగంలో అవుతుందో!" అని. ఆవిడ పోయాక ప్రతి ఆదివారం సమాధి దగ్గర కాసేపు నిలబడి, టోపీ పెట్టుకుని, "ఇప్పుడే వచ్చేస్తా, లిడియా" అని వచ్చేసేవాడు. ఈ సంగతి నీకు తెలీదు. నేను పక్కనే ఉండి విన్నాను. ఏడుపొస్తే జోడు లేసు కట్టుకుంటున్నట్టు వంగేదాన్ని.

మన చర్చి వికార్ ట్రెన్‌హోమ్ గారి దగ్గరికి వెళ్లి చెబితే మొహం ముడుచుకున్నారు. చర్చి స్థలంలో రాళ్ల మీద రాసే ఇంగ్లీషు వేరట, నోటితో మాట్లాడే ఇంగ్లీషు వేరట. 'షల్ నాట్' అని నిండుగా రెండు మాటలు ఉండగా, వాటిని నోట్లో నమిలి, మింగిన అక్షరాల చోట పైన కామా పెట్టడం ఉత్తరాల్లో చెల్లుతుంది గానీ రాతి మీద చెల్లదట. "నేను శీఘ్రముగా తిరిగి వచ్చెదను అని రాయిద్దామా, మిస్ ఓల్డ్‌రాయిడ్?" అన్నారు. మా నాన్న గానీ అలా మాట్లాడి ఉంటే మా అమ్మ డాక్టరుని పిలిచేది అన్నాను. ఆయన నవ్వలేదు.

చివరికి కాస్త దిగారు. మనిద్దరం సంతకాలు పెట్టిన ఫారం ఆగస్టు ఆఖరులోపు ఇస్తే పైవాళ్లకి తానే నచ్చజెబుతానన్నారు. ఆ తర్వాత ఆయన రిటైరైపోతున్నారు. వచ్చేవాడు ఎలాంటివాడో ఎవరికి తెలుసు? ఫారం ఇందులో పెట్టాను. నీ చేత్తో, ఒక సాక్షి ముందు సంతకం పెట్టి పంపు. ఆఫీసులో గుమస్తాల ఉత్తరాల్లో డోంట్లూ కాంట్లూ కొట్టేసే పెద్దమనిషివి కదా, వికార్‌కి ఏం చెప్పాలో కూడా నువ్వే రాయి.

బోర్డు ఇంకా తలుపు లోపలి మేకుకే ఉంది. నాన్న పోయాక నేను దాన్ని బయటికి తిప్పలేదు. షాపు వదిలి నేనెక్కడికి పోయాను గనక.

నీ అక్క,
హెస్టర్

తా.క. నీకిష్టమైన పోర్క్ పై వండి పంపుదామనుకున్నాను. ఈ ఎండకి అది లండన్ చేరేలోగా పురుగు పట్టి దానంతటదే నడిచొస్తుంది.


లండన్
1 జూలై 1976

ప్రియమైన హెస్టర్,

నీవు జూన్ 20వ తేదీన వ్రాసిన ఉత్తరము అందినది. ఆలస్యమునకు చింతించుచున్నాను. కార్యాలయమున పని అధికముగా ఉన్నది. నా ఆరోగ్యము గురించి ఆందోళన పడవలసిన అవసరము లేదు.

రాతిపై చెక్కవలసిన వాక్యము విషయమై ఇంకనూ ఆలోచించవలసి ఉన్నది. సమాధి మీద "ఇప్పుడే తిరిగి వచ్చెదను" అని ఉన్నయెడల దారిన పోవువారు భయపడి పరుగెత్తుదురు. తొందరపడవలదు. ఫారము నా వద్ద ఉన్నది.

చిక్కుడు కాయలను పారవేయకుము. ఉడికించినచో ఏమియు కాదు.

ఇట్లు,
లయనెల్


థోర్‌లీ
6 జూలై 1976

లయనెల్,

టైపు! సొంత అక్కకి టైపు ఉత్తరం! ప్రభుత్వానికి పన్ను కట్టనివాళ్లకి రాస్తారే, అలా రాశావు. పోస్టు తెచ్చినవాడు కవరు చూసి "ఏంటి హెస్టర్, కోర్టు నోటీసా?" అన్నాడు. నా తమ్ముడు రాశాడని చెప్పడానికి సిగ్గేసి, అవునన్నాను.

అది పోనీ. రెండుసార్లు చదివాను. ఒక్క డోంట్ లేదు, ఒక్క కాంట్ లేదు. ఒక్కటంటే ఒక్క పైకామా లేదు. అన్నీ విడదీసి, గంజిపెట్టి ఇస్త్రీ చేసినట్టున్నాయి. మన ఇంట్లో అలా రాస్తే అర్థమేంటో నీకు వేరే చెప్పాలా? నువ్వు షాపు వద్దని లండన్ ఉద్యోగానికి పోయినప్పుడు నాన్న నీకు ఉత్తరం రాశాడు. "నాకు నీ మీద ఏ కోపమును లేదు" అని ఒక్కో మాటా విడదీసి మరీ రాశాడు. అది చదివి నువ్వు మర్నాడే రైలెక్కి వచ్చి, షాపు ముందు తడిసిన పిల్లిలా నిలబడ్డావు. అప్పట్నుంచీ అమ్మ నీ ఉత్తరం రాగానే కళ్లజోడు కూడా పెట్టుకోకుండా పైకామాల కోసం వెతికేది. "ఉన్నాయి, కోపం లేదు" అని, అప్పుడు జోడు పెట్టుకుని కూర్చుని చదివేది.

నేనూ అలాగే వెతికాను. లేవు.

నేనేం చేశానురా? నిన్ను అడక్కుండా మాట అనేసుకున్నాననా? ఫారంలో నా పేరు ముందు రాశాననా? పెద్దదాన్ని నేను కాబట్టి రాశాను. ఏదైనా ఉంటే మొహం మీద తిట్టు, పడతాను. చిన్నప్పుడు నా బొమ్మని బావిలో పడేసినా పడ్డాను కదా. ఈ ఇస్త్రీ మాటలు మాత్రం నా వల్ల కాదు.

రాత్రుళ్లు కిటికీలన్నీ తెరిచినా గాలి లేదు. పక్క మీద అటూ ఇటూ దొర్లుతున్నాను. వీధిలో అందరూ అలాగే ఉన్నారు, పిల్లల్ని తిడుతున్నారు, కుక్కల్ని తిడుతున్నారు. నేను తిట్టడానికి ఎవరూ లేరు.

హెస్టర్


లండన్
20 జూలై 1976

ప్రియమైన హెస్టర్,

నీ ఉత్తరము చదివి ఆశ్చర్యపోతిని. నాకు నీ మీద ఏ కోపమును లేదు. అట్టి అభిప్రాయము నీకు ఎందువలన కలిగినదో నాకు బోధపడలేదు.

నీవు పంపిన ఫారము ప్రస్తుతము కనిపించుట లేదు. వీలైనచో మరియొకటి పంపగలవు. అయినను, ఆ వాక్యము అవసరమా అని మరల ఆలోచింపుము. కేవలము పేర్లు, తేదీలు ఉన్నను సరిపోవును కదా. ఆ మాటలను అంత శాశ్వతముగా చెక్కించుటకు నా మనస్సు అంగీకరించుట లేదు.

బొమ్మను బావిలో పడవేసినది నేను కాదు. అది దానంతట అదే పడినది.

ఇట్లు,
లయనెల్


థోర్‌లీ
2 ఆగస్టు 1976

లయనెల్,

నాన్న రాసిన వాక్యమే అక్షరం పొల్లుపోకుండా నాకు రాశావు. మర్చిపోయి రాశావనుకోవడానికి నేనేం పిచ్చిదాన్ని కాదు. ఈ జన్మలో నీ ఉత్తరం చదివి ఇంత ఏడవలేదు.

ఇంకో ఫారం ఇదుగో. పోయిందట! మీ ఆఫీసులో కాగితం పోగొట్టిన గుమస్తాని ఏం చేస్తావో నాకు తెలుసు, క్రిస్మస్‌కి వచ్చినప్పుడల్లా అవే కబుర్లు చెబుతావుగా.

అసలు సంగతేంటో నేను చెప్పనా? నీకు సిగ్గు. జోళ్లకి మడమలు కొట్టేవాడి కొడుకువని సిగ్గు. రాయి మీద మీ మినిస్ట్రీవాళ్లు మెచ్చే ఇంగ్లీషు ఉండాలి, ఎప్పుడైనా నీ స్నేహితుడెవడో ఇటు వచ్చి చూస్తే పరువు పోకూడదు. ఆ తోలు వాసనతోనే నీ కాలేజీ జరిగింది, మర్చిపోకు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆయన మాట ఆయన మాట్లాడాడు. పోయాక దిద్దడానికి నువ్వెవరు?

కోపంలో రాస్తున్నాను. చించేసి మళ్లీ రాద్దామనుకున్నా, మళ్లీ ఇదే వస్తుంది.

ఎర్ర పురుగులు, ఆ మచ్చలున్నవి, ఊరి మీద పడ్డాయి. తలుపు తీస్తే లోపలికొచ్చేస్తున్నాయి, జిగురు డబ్బాలో చచ్చిపడి ఉంటున్నాయి. ఒకావిడ బూటుకి అతికించిన అట్ట ఊడదీస్తే ఒక పురుగు అతుక్కుని ఉంది. ఆవిడ నన్ను చూసిన చూపు! పనిమీద మనసు లేదు నాకు. వీధి కుళాయి దగ్గర క్యూలో ఊరికే గొడవ పెట్టుకున్నాను.

నువ్వు పంపకపోతే నేనే వస్తాను. వచ్చే శనివారం షాపు మూసి పొద్దున్నే రైలెక్కుతాను. నా కళ్లముందు పెట్టు సంతకం, లేదంటే నా కళ్లలోకి చూసి పెట్టనని చెప్పు.

హెస్టర్


లండన్
4 ఆగస్టు 1976

ప్రియమైన హెస్టర్,

నీవు శనివారమునాడు ఇచ్చటకు రావలదు. ప్రస్తుతము నిన్ను కలిసికొనుట నాకు వీలు కాదు. వీలైనప్పుడు నేనే తెలియజేసెదను.

ఇట్లు,
లయనెల్


థోర్‌లీ
14 ఆగస్టు 1976

శ్రీయుత లయనెల్ ఓల్డ్‌రాయిడ్ గారికి,

మీ ఉత్తరము అందినది. నేను రాలేదు, ఇకమీదట రాను.

మీరు ఫారముపై సంతకము చేయనక్కర లేదు. రాతిపై పేర్లు, తేదీలు మాత్రమే చెక్కవలసినదిగా ఈ నెలాఖరున గార్త్ గారికి చెప్పెదను. తలుపునకు ఉన్న బోర్డును తీసి, గుడ్డలో చుట్టి, మేడ మీది పెట్టెలో పెట్టితిని. అది మీ పరువునకు ఇక ఏ భంగమును కలిగించదు.

నాకు మీ మీద ఏ కోపమును లేదు.

ఇట్లు,
హెస్టర్ ఓల్డ్‌రాయిడ్


లండన్
21 ఆగస్టు 1976, శనివారం

అక్కా,

ఈ కోడిగీతలు చూసి కంగారుపడకు. నేనే రాస్తున్నాను, ఎడంచేత్తో. నిన్న మొదలుపెట్టాను, ఇంకా ఇక్కడే ఉన్నాను.

మే నెలాఖర్లో ఆఫీసు మెట్ల మీద పడిపోయాను. కాలు జారిందనుకున్నాను. ఆసుపత్రిలో పక్షవాతం అన్నారు, చిన్నదేనన్నారు. మాట బానే ఉంది. కాలు ఈడ్చుకుంటూ నడుస్తున్నా. కుడిచెయ్యి మాత్రం ఒళ్లో పెట్టుకుంటే అక్కడే ఉంటుంది, ఎవరిదో పెట్టుకున్నట్టు. ఆఫీసువాళ్లు మంచివాళ్లు, కూర్చోబెట్టి పని ఇచ్చారు. నీకు చెబితే షాపు మూసేసి పరిగెత్తుకొస్తావని చెప్పలేదు. నాన్న పోయి ఏడాది కూడా కాలేదు, ఇంకోటి నీ నెత్తిన పెట్టబుద్ధి కాలేదు. కొంచెం సర్దుకున్నాక, చెయ్యి కదిలాక చెబుదామనుకున్నా. అది కదల్లేదు.

ఉత్తరాలన్నీ నేను నోటితో చెబితే మా ఆఫీసు టైపిస్టు మిస్ పెన్‌ఫోల్డ్ టైపు చేసింది. నేను 'డోంట్' అన్నా ఆవిడ వేళ్లు 'డు నాట్' అని కొడతాయి. అలా కొట్టకపోతే ఊరుకోనని ఆవిడకి నేర్పిందే నేను. "జనం హడలి చస్తారే అక్కా!" అన్నాను, జోకు. ఆవిడ దాన్ని ఏం చేసిందో చూశావుగా. "ఇప్పుడే రాకే, కొంచెం నడక రానీ, స్టేషనుకి నేనే ఎదురొస్తా" అన్నాను. అదీ అలాగే అయింది. కింద నా పేరు కూడా ఆవిడే కొట్టేది. పంపేముందు ఒకసారి చూసేవాణ్ని. నాకేం తప్పు కనబడలేదక్కా. ఇన్నేళ్లుగా పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా చదివేది ఆ భాషే కదా. నాకు బానే ఉందనిపించింది. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

ఫారాలు రెండూ ఇక్కడే, నా ఎదురుగా గోడకి ఉన్నాయి. నా చేత్తో సంతకం పెడితే నీకు తెలిసిపోతుంది. అందుకే ఆ సాకులు.

నాన్న మాటంటే నాకు సిగ్గా? ఆ ముక్క చదివి రెండు రోజులు తిండి తినలేదు. సిగ్గు కాదు, భయం. ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి ముందు గుర్తొచ్చింది ఆ బోర్డే. తర్వాత నీ ఉత్తరంలో చదివా, నాన్న అమ్మతో ఆ మాట అన్నాడని. అన్నాడు, అమ్మ దగ్గరికే వెళ్లిపోయాడు. దాన్ని రాయి మీద చెక్కిస్తే, ఈసారి నాతో అంటున్నట్టు ఉంటుందేమోనని వణికాను. ఎవరికి చెప్పను? మిస్ పెన్‌ఫోల్డ్‌తో చెప్పి టైపు చేయించనా? "నా మనస్సు అంగీకరించుట లేదు" దాకానే చెప్పగలిగాను.

నీ ఆఖరి ఉత్తరం ఆవిడే విప్పింది, ఒంటిచేత్తో కవరు చించలేను. చదవమని ఇస్తూ మొహం తిప్పుకుంది. నేను జవాబు చెప్పబోతే టైపు మిషను మీద మూత పెట్టేసి, "ఇది మాత్రం మీరే రాసుకోండి సార్" అంది. నీ సంతకం పైన ఒక వాక్యం రాసి అడ్డంగా కొట్టేశావు. ఎంత కొట్టినా కనబడుతూనే ఉంది. "సరిగ్గా తింటున్నావా లేదా, వెధవా?" అని. ఆవిడకీ కనబడింది.

సంతకం పెట్టాను. నాకే నాది కాదనిపిస్తోంది. మిస్ పెన్‌ఫోల్డ్ సాక్షి.

వికార్ గారికి ఇలా చెప్పు. మా ఆఫీసంత గట్టి ఆఫీసులో కూడా ఒక్కచోట మేం చెయ్యి పెట్టం. ఒక మనిషి అన్న మాట అన్నట్టుగా కోట్స్, అవే కొటేషన్ మార్కులు, వాటి మధ్య పెడితే ఎలా పలికాడో అలాగే వదిలేస్తాం. దిద్దితే అది అతని మాట కాదు, మేం కల్పించింది అవుతుంది. రాయి మీద అటో కోటు, ఇటో కోటు పెట్టమను. మధ్యలో నాన్నని మాట్లాడనివ్వమను. భయం నాది, నేను చూసుకుంటాను.

అన్నీ విడమర్చి రాశాను, కానీ పైకామాలన్నీ పెట్టాను. వెతుక్కో. ఎడంచేత్తో అవే బాగా వస్తున్నాయి.

రా అక్కా.

లయనెల్


థోర్‌లీ
24 ఆగస్టు 1976, మంగళవారం

ఒరేయ్ వెధవా,

నిన్ను చంపేస్తాను. ముందు కడుపునిండా తిండి పెట్టి, తర్వాత చంపేస్తాను.

ఉత్తరం చూడగానే నేనూ కళ్లజోడు పెట్టుకోలేదు. కాగితం నిండా దోమలు వాలినట్టు ఉన్నాయి. "ఉన్నాయి" అని పైకే అన్నాను, షాపులో ఇద్దరు మనుషులున్నారని కూడా చూడకుండా. తర్వాత చదివాను. చదివాక ఆ ఇద్దరూ నన్ను కూర్చోబెట్టి టీ పెట్టారు. ఎక్కువ చెప్పను, రైలుకి టైమవుతోంది.

ఫారం పట్టుకుని వికార్ గారి ఇంటికి పరిగెత్తాను. నీ సంతకం చూసి, "ఇది మీ తమ్ముడి చేతిరాతేనా?" అన్నారు. ఇంతకంటే వాడిదైన రాత ఇంకోటి లేదండీ అన్నాను, అంటూనే ఏడ్చేశాను. ఉత్తరం కూడా ఆయన చేతిలో పెట్టేశాను, ఏమనుకున్నా సరే. చివరిదాకా చదివారు. కోట్స్ దగ్గర ఆగి, మళ్లీ వెనక్కి వెళ్లి చదివారు. "మాట మనిషిదైతే మనిషికే వదిలేద్దాం" అని తానూ సంతకం చేసి కవర్లో పెట్టారు. పైవాళ్లు కాదంటే తానే వెళ్లి కూర్చుంటారట. గార్త్‌కి కూడా చెప్పేశాను, కోట్స్ బాగా లోతుగా చెక్కమని.

భయమంటావా, నాకూ వేస్తోంది. ఇద్దరం కలిసి భయపడదాం. నువ్వొక్కడివీ అక్కడ కూర్చుని భయపడ్డానికి వీల్లేదు.

సంచిలో పోర్క్ పై ఉంది, నాన్న ఉన్ని చొక్కా ఉంది. ఈ ఎండల్లో ఉన్ని ఎందుకని అడక్కు, చేతికి అందిందల్లా పెట్టాను. ఈ ఉత్తరం స్టేషన్లో వేస్తాను. నీకు రేపు అందుతుంది, కానీ దానికంటే ముందే నేను తలుపు కొడతాను. అయినా రాస్తున్నాను, ఆ టైపు ఉత్తరాల పక్కన ఇదొకటి ఉండాలి. మిస్ పెన్‌ఫోల్డ్‌కి చెప్పు, ఆవిడకి ఒక జత బూట్లు బాకీ ఉన్నాను, సైజు కనుక్కో.

మేడెక్కి పెట్టెలోంచి బోర్డు తీశాను. గుడ్డ విప్పి తుడిచి, తలుపుకి తగిలించి, బయటికి తిప్పాను. నాన్న పోయాక ఇదే మొదలు. వీధి అవతలికి వెళ్లి ఒకసారి చూసుకున్నాను. ఆ వంకర రాత, ఆ పైకామా, అన్నీ అలాగే ఉన్నాయి. మూలింటాయన ఒంటి జోడు పట్టుకుని వచ్చి, "ఎక్కడికమ్మా? మళ్లీ ఎప్పుడు?" అన్నాడు. బోర్డు చూపించాను.

ఇప్పుడే వచ్చేస్తా.

అక్క